సగం కరిగిన స్ఫటికం: 2,400 డిగ్రీల దగ్గర అణు ఇంధనం

పటం తీసి నంద్యాల జిల్లా ఆత్మకూరు మీద వేలు పెట్టండి. అక్కణ్నుంచి దక్షిణానికి గీత గీస్తే సుమారు 175 కిలోమీటర్ల దూరంలో కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె, యురేనియం గని ఉన్న ఊరు. ఉత్తరానికి గీస్తే నల్లమల, కృష్ణ దాటాక దాదాపు అంతే దూరంలో హైదరాబాద్ మౌలాలి వైపున్న న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్. రాయి తవ్వేది కింద, ఇంధనం చేసేది పైన. నడుమ మన ఆత్మకూరు.

గని గురించి ఈ సీమలో మాటలకు కొదవ లేదు. 2007లో తుమ్మలపల్లె ప్రాజెక్టు శంకుస్థాపన, 2012లో ప్రారంభం, వ్యర్థాల చెరువు వల్ల బోరునీళ్లు పాడయ్యాయని చుట్టుపక్కల రైతుల ఫిర్యాదులు, 2019లో నల్లమల సర్వే మీద ఆందోళన, ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ తీర్మానం, 2024లో దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో 68 బోర్లు వేస్తామంటే జనం రోడ్డెక్కడం: అన్నీ పత్రికలకెక్కాయి, ఎక్కాల్సినవే. అయితే ఆ రాయిలోంచి తీసిన పదార్థం రియాక్టరు లోపల ఎంత వేడిని తట్టుకుంటుంది, ఎక్కడ మొండికేస్తుంది అన్నది మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు. ‘కరిగే ఉష్ణోగ్రత 2,850 డిగ్రీలు, మేం వాడేది అందులో సగం దగ్గర’ అనే ఒక్క మాటతో సరిపెడతారు. ఆ మాట నిజమే. కానీ 2,850కి సుమారు 450 డిగ్రీల ముందే ఆ స్ఫటికంలో ఇంకో సంఘటన ఉంది. దాని కథ ఇది.

ముందు రాయి లెక్క. తుమ్మలపల్లె ఖనిజం సున్నపురాయి జాతికి చెందిన డోలోమైటు రాయిలో ఉంటుంది. అందులో యురేనియం ఆక్సైడ్ 0.05 శాతంలోపే, అంటే టన్ను రాయికి అర కిలో కూడా రాదు. రాయి సున్నపు జాతిది కాబట్టి ఆమ్లం పోస్తే ఆమ్లమంతా రాయే తాగేస్తుంది; అందుకే అక్కడ సోడియం కార్బొనేటుతో, వేడితో, ఒత్తిడితో క్షార పద్ధతిలో యురేనియం లాగుతారు. మిల్లు సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల రాయి. చివరికి తేలేది పసుపుపచ్చని సోడియం డైయురేనేట్ పొడి. హైదరాబాద్‌లో దాన్ని నత్రికామ్లంలో కరిగించి, శుద్ధి చేసి, యురేనియం డయాక్సైడ్ పొడిగా మార్చి, ఒత్తి, హైడ్రోజన్ ఉన్న కొలిమిలో సుమారు 1,700 డిగ్రీల దగ్గర కాలుస్తారు.

కొలిమిలోంచి వచ్చేది నల్లటి చిన్న స్తంభం, పెల్లెట్. మన 220 మెగావాట్ల భారజల రియాక్టర్లకు చేసే పెల్లెట్ అడ్డుకొలత ఒకటిన్నర సెంటీమీటరుకు కాస్త తక్కువ. ఎత్తు చూసి బరువు అంచనా వేస్తే మోసపోతాం. ఘన సెంటీమీటరుకు 10.5 గ్రాములకు పైగా తూగుతుంది, ఇనుము 8 గ్రాములు కూడా తూగదు. రెండు కొసల్లో చిన్న పళ్లెంలా లోతు తీసి ఉంటుంది. మధ్యభాగం ఎక్కువ వేడెక్కి ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి, ఆ ఉబ్బుకు వదిలిన జాగా అది. ఇలాంటి పెల్లెట్లను వరసగా పేర్చిన జిర్కలాయ్ (జిర్కోనియం మిశ్రమ లోహం) గొట్టాలు 19 కలిపితే ఒక బండిల్. పొడవు అర మీటరు, అందులో యురేనియం 13 కిలోలకు పైగా. రియాక్టరులో 306 మార్గాలు, ఒక్కో మార్గంలో 12 బండిళ్లు, మొత్తం 3,672. ఒక్క బండిల్‌కు, శుద్ధిలో గ్రాము కూడా పోలేదనుకున్నా, తుమ్మలపల్లె తరహా రాయి 30 టన్నులకు పైగా కావాలి. ఒక రియాక్టరును మొదటిసారి పూర్తిగా నింపాలంటే ఆ మిల్లు ఎంత లేదన్నా 38, 39 రోజులు ఆగకుండా తిరగాలి. అసలు శుద్ధిలో నష్టం ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది.

యురేనియం లోహాన్నే నేరుగా వాడొచ్చు కదా, ఆక్సైడ్ ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు కూడా ఉష్ణోగ్రతల్లోనే ఉంది. లోహ యురేనియం 668 డిగ్రీల దగ్గర తన అణువుల అమరిక మార్చుకుంటుంది, 776 దగ్గర మళ్లీ మార్చుకుంటుంది, 1,132 దగ్గర కరిగిపోతుంది. అమరిక మారిన ప్రతిసారీ పరిమాణం మారుతుంది, కడ్డీ వంకర పోతుంది. ట్రాంబేలో 1960లో మొదలైన సైరస్ లాంటి పరిశోధన రియాక్టర్లు తక్కువ వేడిలో నడుస్తాయి కాబట్టి లోహంతో నెట్టుకొచ్చాయి. కరెంటు తీసే రియాక్టరుకు అంత వెసులుబాటు లేదు. యురేనియం డయాక్సైడ్ అయితే గది వేడి నుంచి కరిగేదాకా ఒకటే అమరికలో ఉంటుంది. దాన్ని ఎంచుకున్న పెద్ద కారణాల్లో ఇదొకటి. అమరిక పేరు మారదు, నిజమే. ఆ అమరికలో సగం మాత్రం తన చోటు తప్పుతుంది.

ఆ అమరికను కాస్త దగ్గరగా చూద్దాం. దీన్ని ఫ్లోరైట్ అమరిక అంటారు. భుజం 0.547 నానోమీటర్లు ఉన్న ఘనం ఊహించుకోండి. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. ఆ ఘనం వాటాకు 4 యురేనియం అణువులు, 8 ఆక్సిజన్ అణువులు. యురేనియం అణువులు ఘనం మూలల్లో, ముఖాల మధ్యల్లో కూర్చుంటాయి. ఆక్సిజన్లు లోపల చిన్న చిన్న ఘనాలుగా అమరి ఉంటాయి. ఆ ఆక్సిజన్ ఘనాల్లో ఒకదాని నడుమ యురేనియం ఉంటే, దాని పక్కదాని నడుమ ఖాళీ. అంటే ఆక్సిజన్ ఘనాల్లో సరిగ్గా సగం లోపల బోలుగా ఉన్నాయి. కథంతా ఈ ఖాళీల దగ్గరే మొదలవుతుంది.

నిండు ఆర్టీసీ బస్సు ఆత్మకూరు నుంచి దోర్నాల వైపు ఘాట్ రోడ్డులో పోతోందనుకోండి. సీట్లన్నీ నిండాయి, నడవ ఖాళీ. ఒకాయన కుదుపుకు లేచి నడవలో నిలబడ్డాడు. ఇప్పుడు బస్సులో రెండు లోపాలు: ఒక ఖాళీ సీటు, నడవలో ఒక నిలబడ్డ మనిషి. స్ఫటికంలో ఆక్సిజన్ తన చోటు వదిలి పక్కనున్న బోలులోకి జరగడం కూడా ఇలాంటిదే. రష్యన్ భౌతికవేత్త యాకొవ్ ఫ్రెంకెల్ 1926లో దీన్ని చెప్పాడు కాబట్టి ఫ్రెంకెల్ లోపం అంటారు. అణువు బయటికి పోలేదు, కొత్తది రాలేదు, లెక్క సమానంగానే ఉంది. అమరిక మాత్రం చెడింది. వేడి పెరిగేకొద్దీ కుదుపులు పెరుగుతాయి, లేచేవాళ్లు పెరుగుతారు. నలుగురు లేచి నిలబడితే ఐదోవాడు లేవడం సులువవుతుంది, ఎందుకంటే లేచినవాడికి కూర్చోను ఎక్కడో ఒక సీటు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది.

ఇప్పుడు అంకెలు. ఆక్సిజన్‌ను చోటు వదిలించి బోలులో పెట్టడానికి అయ్యే శక్తిని వేర్వేరు ప్రయోగాలు సుమారు 3 నుంచి 4.6 ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య చూపాయి. మనం 4 తీసుకుందాం. గది వేడిలో ఒక అణువు దగ్గర కుదుపుకు ఉండే శక్తి 0.026 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే అడిగే ధర జేబులో ఉన్నదానికి 150 రెట్లు. అయినా అణువులు అసంఖ్యాకం కాబట్టి ఎప్పుడో ఒకటి దూకుతుందేమో చూద్దాం.

పది గ్రాముల యురేనియం డయాక్సైడ్‌లో ఆక్సిజన్ అణువులు 45 పక్కన 21 సున్నాలున్న సంఖ్య. గది వేడి, అంటే 300 కెల్విన్ దగ్గర ఫ్రెంకెల్ సూత్రం వేస్తే 4 పక్కన 33 సున్నాలున్న సంఖ్యకు ఒక్క లోపం. పది గ్రాముల్లో ఒక్కటీ ఉండదు. వేల టన్నుల్లో వెతికినా దొరకదు. 1,000 కెల్విన్ దగ్గర సుమారు 1,200 కోట్ల ఆక్సిజన్లకు ఒకటి. ఇది తక్కువే, కానీ పది గ్రాముల్లో ఇప్పటికే 3.7 లక్షల కోట్ల లోపాలు. 2,000 కెల్విన్ దగ్గర లక్షా పది వేలకు ఒకటి. 2,670 కెల్విన్ దగ్గర, సెంటీగ్రేడ్‌లో సుమారు 2,400, ఆరు వేలకు ఒకటి. వేడి 1,000 నుంచి 2,670కి, అంటే రెండున్నర రెట్లకు కొంచెం పైన పెరిగితే, లోపాలు ఇరవై లక్షల రెట్లు పెరిగాయి. ఘాతాంక సూత్రాల స్వభావమే ఇది: ఉండీ ఉండనట్టుండి ఒక్కసారిగా ముంచెత్తుతాయి.

ఈ లెక్కలో నేను కావాలనే ఒక పొరపాటు వదిలాను. ప్రతి లోపానికీ అదే 4 ఎలక్ట్రాన్ వోల్టుల ధర వేశాను. లోపాలు అరుదుగా ఉన్నంతసేపు అది చెల్లుతుంది. కిక్కిరిసినప్పుడు చెల్లదు. చుట్టుపక్కల అమరిక ముందే చెడి ఉంటే, కొత్తగా చెడడానికి పట్టే శక్తి తగ్గుతుంది. ధర తగ్గితే లోపాలు పెరుగుతాయి, లోపాలు పెరిగితే ధర ఇంకా తగ్గుతుంది. అందుకే సాదా సూత్రం చెప్పిన ఆరు వేలకు ఒకటి అన్న అంకె నిజానికి చాలా తక్కువ అంచనా. ఒక ఉష్ణోగ్రత దాటాక ఆక్సిజన్ల అమరిక మొత్తం కుప్పగా సడలిపోతుంది. యురేనియం అణువులు మాత్రం తమ చోట్లలోనే గట్టిగా ఉంటాయి. వాటిని కదిలించే లోపాల ధర ఆక్సిజన్ లోపాల కంటే చాలా ఎక్కువ. ఫలితం విచిత్రం: ఒకే ఘనపదార్థం, అందులో బరువైన సగం ఘనంగా, తేలికైన సగం ద్రవంలా. ఆక్సిజన్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి ద్రవాల్లో అణువులతో పోల్చదగ్గ వేగంతో గెంతుతుంటాయి. దీన్ని అతి-అయానిక (సూపర్ అయానిక్) దశ అనీ, అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో దీన్ని గుర్తించిన శాస్త్రవేత్త పేరున బ్రెడిగ్ మార్పు అనీ అంటారు. యురేనియం డయాక్సైడ్‌కు ఆ గీత 2,670 కెల్విన్ దగ్గర పడుతుంది.

ఈ వింతకు మూలం పాతది. లెడ్ ఫ్లోరైడ్ గట్టిగా వేడిచేస్తే కరగకుండానే కరెంటును పారిస్తుందని మైకేల్ ఫారడే 1830లలోనే గమనించాడు. లోపాల సిద్ధాంతం రావడానికి ఇంకో తొంభై ఏళ్లు పట్టింది.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే నచ్చిన అంకె ఒక నిష్పత్తి. యురేనియం డయాక్సైడ్ 3,120 కెల్విన్ దగ్గర కరుగుతుంది. 2,670ని 3,120తో భాగిస్తే 0.856. థోరియం డయాక్సైడ్ 3,651 దగ్గర కరుగుతుంది, దాని బ్రెడిగ్ మార్పు 3,090 దగ్గర, భాగిస్తే 0.846. కాల్షియం ఫ్లోరైడ్, అణు ఇంధనం కాని మామూలు ఖనిజం, 1,691 దగ్గర కరుగుతుంది, మార్పు 1,430 పైచిలుకు దగ్గర, భాగిస్తే 0.85కు అటూ ఇటూ. కరిగే వేడిలో ఒకదానికొకటి రెండు రెట్ల తేడా ఉన్న పదార్థాలు కూడా తమ తమ కరిగే వేడిలో 85 శాతం దగ్గరే సడలుతున్నాయి. వీటి మధ్య ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, ఫ్లోరైట్ అమరిక. దోషం యురేనియానిది కాదని, ఆ బోలు ఘనాలదని ఇంతకంటే తేటగా చెప్పలేం. లెడ్ ఫ్లోరైడ్ మాత్రం ఈ వరసకు లొంగదు, 65 శాతం దగ్గరే సడలుతుంది. సీసం అయాను మెత్తనిది, ఫ్లోరిన్‌కు సులువుగా దారిస్తుందని అంటారు.

2,400 డిగ్రీల దగ్గర ఏ పాత్రలో పెట్టి కొలుస్తారు? పాత్రే కరిగిపోదూ? ఈ ప్రశ్న రావాల్సిందే. 1984లో క్లాసెన్, హేస్, మెక్‌డొనాల్డ్, ఆస్బర్న్, హచింగ్స్ బృందం న్యూట్రాన్ పుంజాన్ని 2,000 కెల్విన్ దాటిన యురేనియం డయాక్సైడ్ గుండా పంపి, చెదిరిన న్యూట్రాన్లను బట్టి ఆక్సిజన్లు చోటు తప్పుతున్నట్టు చూసింది. న్యూట్రాన్లే ఎందుకంటే, ఎక్స్ కిరణాలకు యురేనియం పక్కన ఆక్సిజన్ కనబడదు. 92 ఎలక్ట్రాన్ల ముందు 8 ఎంత? 1993లో జర్మనీ కార్ల్స్‌రూహ్‌లోని యురోపియన్ పరిశోధనాలయంలో హీర్నాట్, హైలండ్, రాంకీ లేజర్‌తో నమూనాను క్షణంలో వేడెక్కించి, చల్లారేటప్పుడు ఉష్ణోగ్రత గీత ఎక్కడ వంకర తిరుగుతుందో చూశారు. 2,670 దగ్గర తిరిగింది. మన దేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు 2007లో యురేనియం డయాక్సైడ్, లిథియం ఆక్సైడ్ రెండింటినీ కంప్యూటరులో అణువు అణువుగా కదిలించి, ఈ వేగవంతమైన గెంతులను అధ్యయనం చేశారు. లిథియం ఆక్సైడ్‌లో అమరిక తలకిందులు: అక్కడ గెంతేది లిథియం, నిలబడేది ఆక్సిజన్.

లోపాలు పుట్టడానికి శక్తి కావాలి కదా, ఆ శక్తి వేడి లెక్కలో కనబడాలి. కనబడుతుంది. ఒక మోల్ యురేనియం డయాక్సైడ్‌ను ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి గది వేడిలో 64 జౌళ్లు చాలు. 1,000 కెల్విన్ దగ్గర 84. నిజానికి ఈపాటికే ఆగి ఉండాలి. అణువులు తమ చోట్లో ఊగడానికి మాత్రమే వేడి ఖర్చైతే, పాత డ్యూలాంగ్-పెటిట్ సూత్రం ప్రకారం 75 దగ్గర గీత సమంగా సాగాలి. ఆగదు. 2,000 దగ్గర 101, 2,500 దగ్గర 135, ఆపైన ఇంకా ఏటవాలుగా పైకి. 2,000 నుంచి 3,000 కెల్విన్ దాకా ఎక్కించడానికి మొత్తం 140 కిలోజౌళ్లు పడుతుంది. 1,000 దగ్గరి రేటే కొనసాగి ఉంటే 84 చాలేది. ఎక్కువ పట్టినవి 56 కిలోజౌళ్లు. పదార్థం పూర్తిగా కరగడానికి తాగే గుప్తోష్ణం మోలుకు సుమారు 70 కిలోజౌళ్లు అని గుర్తుంచుకుంటే, ఈ 56 ఎంత పెద్ద మొత్తమో తెలుస్తుంది. కరగడానికి కట్టాల్సిన సుంకంలో పెద్ద వాటాను స్ఫటికం కరగకముందే కట్టేస్తోంది. అదంతా ఆక్సిజన్ లోపాల ఖాతాలోనే వేయడం న్యాయం కాదు. యురేనియం అణువుల మధ్య ఎలక్ట్రాన్లు గెంతడం వల్ల కొంత పడుతుంది, అణువుల ఊపు విశాలమైనప్పుడు వచ్చే అదనం కొంత. ఎవరి వాటా ఎంత అన్నది ఈ రంగంలో దశాబ్దాల తగాదా.

మరి మన రియాక్టరులో పెల్లెట్ ఎంత వేడెక్కుతుంది? ఇది ఎవరికి వారు కాగితం మీద వేసుకోగలిగిన లెక్క. 220 మెగావాట్ల కరెంటు రియాక్టరు పుట్టించే వేడి సుమారు 750 మెగావాట్లు. 3,672 బండిళ్లకు పంచితే ఒక్కోదానికి 204 కిలోవాట్లు, 19 గొట్టాలకు పంచితే గొట్టానికి 11లోపు, మీటరు పొడవుకు వేస్తే సగటున 22 కిలోవాట్లు. నడిబొడ్డున ఉన్న గొట్టాల్లో 40, 50 కూడా ఉంటుంది. యురేనియం డయాక్సైడ్ వేడిని మోసే గుణం తక్కువ. గది వేడిలో మీటరుకు, డిగ్రీకి 8 వాట్ల దగ్గర ఉన్నది, 1,000 డిగ్రీల దగ్గర 3కి పడిపోతుంది. పెల్లెట్ అంచుకూ నడుముకూ మధ్య వేడి తేడా కావాలంటే మీటరుకు పుట్టే వాట్లను ఈ 3తోనూ, 4π అంటే 12.57తోనూ భాగించాలి. 40 కిలోవాట్లకు తేడా సుమారు 1,060 డిగ్రీలు, 50కి 1,330. అంచు 400 అనుకుంటే నడుము 1,460 నుంచి 1,730 దాకా. గొట్టం బయట పారే భారజలం 249 డిగ్రీల దగ్గర లోపలికొచ్చి 293 దగ్గర బయటికి పోతుంటే, పెల్లెట్ నడుముకు ఒక సెంటీమీటరులోపు దూరంలోనే ఇంత తేడా. పెల్లెట్ పగుళ్లు తేలడంలో ఆశ్చర్యం లేదు.

ఈ లెక్కలో ఆశ ఎక్కడుందో, జాగ్రత్త ఎక్కడ కావాలో రెండూ కనబడతాయి. మామూలు రోజుల్లో 2,400 గీతకు ఇంకా 650 డిగ్రీలకు పైగా దూరం. కానీ ఆ లెక్క కొత్త పెల్లెట్‌ది. రియాక్టరులో కొన్ని నెలలు గడిచిన పెల్లెట్ వేరు. ఒక్కో విచ్ఛిత్తిలో ఒక యురేనియం పోయి రెండు కొత్త అణువులు పుడతాయి, అవి పోయే దారిలో వేల అణువులను చోటు తప్పిస్తాయి. పుట్టినవాటిలో గణనీయమైన వాటా జినాన్, క్రిప్టాన్ వాయువులు. స్ఫటికంలో ఎవరికీ అక్కరలేనివి. అవి ఖాళీ చోట్లను వెతుక్కుని చేరి, బుడగలై, వేడి 1,200, 1,300 దాటినచోట బయటికి జారుకుంటాయి. ఈ లోపాలన్నీ వేడి మోసే దారిలో అడ్డుపడతాయి కాబట్టి 3 అన్న అంకె ఇంకా తగ్గుతుంది, నడుము ఇంకా వేడెక్కుతుంది. ఇక్కడ లోపాలు వేడివల్ల పుట్టినవి కాకపోవచ్చు, కానీ వేడిని పెంచేవే.

ప్రమాదంలో ఏమవుతుంది? నా అభిప్రాయం సూటిగా చెబుతాను: నీళ్లు ఆగిపోయి నెమ్మదిగా వేడెక్కే ప్రమాదంలో 2,400 డిగ్రీల గీతకు చేరకముందే గొట్టం చేతులెత్తేస్తుంది. జిర్కోనియం 863 డిగ్రీల దగ్గర తన అమరిక మార్చుకుని మెత్తబడుతుంది; అది కూడా ఉష్ణోగ్రతతో వచ్చే దశ మార్పే. 1,200 దాటితే ఆవిరితో ఎగబడి హైడ్రోజన్ పుట్టిస్తుంది, 2011లో ఫుకుషిమాలో పైకప్పులు లేపింది ఆ హైడ్రోజనే. 1,850 ప్రాంతంలో కరుగుతుంది. కరిగిన జిర్కోనియం పెల్లెట్‌ను దాని సొంత కరిగే వేడికి చాలా ముందే తనలో కలుపుకోవడం మొదలెడుతుంది. కాబట్టి 1979లో త్రీ మైల్ ఐలండ్ లాంటి కేసుల్లో బ్రెడిగ్ మార్పు ప్రధాన పాత్ర అని ఎవరైనా అంటే అతిశయోక్తే. అది లెక్కలోకి వచ్చేది ఇంకోచోట: రియాక్టరు శక్తి ఒక్కసారిగా ఎగసినప్పుడు. అప్పుడు వేడి సెకనులోపే పెల్లెట్‌లో చేరుతుంది, గొట్టానికి కబురు అందేలోపే నడుము 2,400 దాటొచ్చు. అక్కడ ఆ 56 కిలోజౌళ్ల అదనం మేలు చేస్తుంది, ఎందుకంటే అంత వేడి కరగడానికి కాకుండా లోపాలకు ఖర్చవుతుంది. కీడు కూడా ఉంది: సడలిన స్ఫటికం మెత్తబడి ఒత్తిడికి జారుతుంది, పరుగెత్తే ఆక్సిజన్ గొట్టం లోపలి గోడను తినడానికి వెళుతుంది. భద్రతా లెక్కలు వేసే కంప్యూటరు ప్రోగ్రాముల్లో ఈ గీతను సరిగా పెట్టకపోతే, పెల్లెట్ ఎంత వేడిని దాచుకుందో తప్పు చెబుతాయి.

ఇంకో సంగతి పైపైన. ఒక్కో యురేనియంకు ఆక్సిజన్ లెక్క 2కి బదులు కాస్త ఎక్కువైతే, గొట్టానికి చిల్లిపడి ఆవిరి లోపలికి పోయినప్పుడు అలా జరుగుతుంది, అదనపు ఆక్సిజన్లు ఆ బోలు ఘనాల్లో గుంపులు కడతాయి. కరిగే వేడి తగ్గుతుంది, వేడి మోసే గుణమూ తగ్గుతుంది. ఇంకా పోతే పదార్థం వేరే ఆక్సైడ్‌గా మారి పరిమాణం 36 శాతం ఉబ్బి గొట్టాన్ని చీల్చేస్తుంది. హైదరాబాద్ కొలిమిలో హైడ్రోజన్ పెట్టేది అందుకే, ఆ నిష్పత్తి 2 దాటకుండా పట్టుకోవడానికి.

ఆంధ్ర తీరపు ఇసుకలో మోనజైట్ ఉంది, మోనజైట్‌లో థోరియం ఉంది. ఎప్పటికైనా థోరియం ఇంధనం కావాలన్నది 1950ల నుంచి మన దేశపు ప్రణాళిక. లోపాల లెక్కలో అది యురేనియం కంటే 400 డిగ్రీలకు పైగా మెరుగు. 3,090 కెల్విన్ దాకా సడలదు, పైగా ఆక్సిజన్‌ను అదనంగా పట్టుకోదు కాబట్టి ఉబ్బే బెడదా లేదు. ఆ గట్టిదనమే దాని కష్టం కూడా: కొలిమిలో కాల్చడానికి ఇంకా వేడి కావాలి, వాడేశాక నత్రికామ్లంలో కరిగించడం పెద్ద తలనొప్పి.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. అవి అమెరికన్ నమూనావి, సుసంపన్నం చేసిన యురేనియంతో, మామూలు నీళ్లతో నడుస్తాయి. రూపు వేరు, కంపెనీ వేరు. పెల్లెట్ లోపలి స్ఫటికం మాత్రం అదే, 0.547 నానోమీటర్ల ఘనం, అవే బోలు చోట్లు, అదే 2,400 డిగ్రీల గీత. అక్కడ గానీ, రేపు మన జిల్లాల్లో ఎక్కడైనా గానీ ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టి ‘ఇంధనం 2,850 దాకా కరగదు’ అని ఎవరైనా చెబితే, చేయెత్తి రెండు ప్రశ్నలు అడగండి: శక్తి ఒక్కసారిగా ఎగస్తే పెల్లెట్ నడుము ఎంతకు పోతుంది, కొత్త పెల్లెట్‌కూ వాడిన పెల్లెట్‌కూ ఆ అంకె విడివిడిగా లెక్కేశారా?